కానగంత బొమ్మ పట్టుకుని ఐదు రోజులు

మొదటి రోజు: హార్బర్

తెల్లవారుజామున నాలుగున్నరకి విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఆటో దిగాను. చేతిలో స్కెచ్ పుస్తకం, ప్లాస్టిక్ ఫోల్డర్‌లో నలభై జెరాక్స్ కాగితాలు. ఈ ప్రయాణం పెట్టుకున్నది ఆ కాగితాల కోసమే.

నేను స్కూలు పాఠ్యపుస్తకాలకి బొమ్మలు గీస్తుంటాను. గుండె, కప్ప, మందార పువ్వు నిలువుకోత, ఇవే నా వృత్తి. పోయిన ఏడాది చేపల పాఠం కోసం వెతుకుతుంటే, 1803లో లండన్‌లో అచ్చయిన ఒక పుస్తకం స్కాన్ రూపంలో దొరికింది. పేట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టరు విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలు, రెండు సంపుటాల్లో, బొమ్మలతో సహా. రస్సెల్ మనకి పాము రూపంలో ముందే తెలుసు. రక్తపింజరిని ఇంగ్లిష్‌లో రస్సెల్స్ వైపర్ అంటారు. పాముల పుస్తకంలో ఆయన దాని బొమ్మకి పెట్టిన పేరు ‘కాటుక రేకుల పొడ’. ఎవరో పల్లెటూరి మనిషి నోట విన్నది విన్నట్టు ఇంగ్లిష్ అక్షరాల్లోకి దింపేశాడు.

చేపలకీ అదే పని చేశాడు. జాలర్లు ఏమంటే అదే బొమ్మ పేరు. తెల్ల చందువా, నల్ల చందువా, పాల సొర, సావళ, తిమిరి, నల్ల తిమిరి. తరవాత పారిస్‌లో కూర్చున్న క్యువియే అనే జంతుశాస్త్రవేత్త ఆ బొమ్మలు చూసి శాస్త్రీయ నామాలు పెట్టాడు, అదీ కొన్నిటికి అవే మాటలతో. ఇప్పుడు ఆఫ్రికా తీరం నుంచి ఇండోనేషియా దాకా ఏ ల్యాబ్‌లోనైనా ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’ అని రాస్తున్నారంటే, అది మన కానగంత. ‘లెప్టురకాంథస్ సవాల’ అంటే మన సావళ్ల చేప. మొదటిసారి ఇది తెలిసినప్పుడు ఒక్కదాన్నే గదిలో నవ్వుకున్నాను. లాటిన్ అని భయపడి బట్టీ పట్టినవాటిలో కొన్ని మన చేపల బజారు మాటలే అన్నమాట.

ఆ బొమ్మలు చూపిస్తే ఇప్పటివాళ్లు గుర్తు పడతారా? పేర్లు ఇంకా అవేనా? ఇంట్లోవాళ్లకి మాత్రం ‘పని మీద వెళ్తున్నా’ అని చెప్పాను.

హార్బర్‌లో సోనా బోట్లు, అంటే పెద్ద మరపడవలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. ఐసు మర చప్పుడు, వేలం పాట, డీజిల్ వాసన. 2023 నవంబరులో ఒక రాత్రి మంటలంటుకుని నలభై దాకా బోట్లు కాలిపోయింది ఇక్కడే. ఒక కళాసీ ఆ చోటు చెయ్యి చాపి చూపించి మళ్లీ వల విప్పుకోవడంలో పడ్డాడు.

నీలం టబ్బుల ముందు కూర్చున్న ఒకావిడ నన్ను చూసి, “ఏటమ్మా, సర్వేనా?” అంది. కాదు అని మొదటి కాగితం చూపించాను.

“కానగంత,” అంది, చూసీ చూడగానే. “ఈపు మీద సుక్కలు నేవేటి? ఏసినోడు మర్సిపోయాడు.”

రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసిన నలుపు తెలుపు బొమ్మ, దానికి నా జెరాక్సు. చుక్కలు చెక్కినవాడు మర్చిపోయాడో, జెరాక్సు తినేసిందో నేను చెప్పలేను. కానీ చుక్కలు లేకుండానే గుర్తుపట్టింది కదా. పక్కావిడ లేచొచ్చింది, ఇంకొకామె చేరింది. పావుగంటలో నలభైలో ఇరవై ఆరు పేర్లు చెప్పేశారు. తిమిరి దగ్గర పెద్ద నవ్వులు. కరెంటు కొట్టే టేకు చేప అది. “ముడితే సెయ్యి తిమ్మిరెక్కిపోద్ది, అందుకే తిమ్మిరి సేప.” రెండు వందల ఏళ్ల కిందట కూడా ఎవరికో చెయ్యి జివ్వుమంది, ఆయన అదే మాట అన్నాడు, డాక్టరు రాసుకున్నాడు.

అప్పటిదాకా పక్కన చుట్ట కాలుస్తున్న పెద్దాయన ఒక ప్రశ్న వేశాడు. “ఎవులు గీసారివి?”

రస్సెల్ గీయలేదు. ఇక్కడి చిత్రకారుడితో గీయించాడు. లండన్‌లో రాగి రేకులు చెక్కినవాళ్ల పేర్లు దొరుకుతాయి. చేపల పేర్లన్నీ ఉన్నాయి. గీసినవాడి పేరు లేదు. “తెలీదు తాతా” అన్నాను. “మనోడే అయ్యుంటాడు,” అన్నాడు ఆయన. నాకు అంతకన్నా మంచి సమాధానం ఇంతవరకూ దొరకలేదు.

రెండో రోజు: హేచరీ

మా పిన్ని కొడుకు భీమిలి అవతల ఒక రొయ్యల హేచరీలో టెక్నీషియన్. పొద్దున్నే బండి మీద వచ్చి ఎక్కించుకున్నాడు. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు... అందరూ ఫోటోలు పెట్టే రోడ్డే కాబట్టి దాని సంగతి వదిలేస్తాను.

హేచరీలోకి చెప్పులతో వెళ్లనివ్వరు. పొటాషియం పర్మాంగనేట్ కలిపిన వంకాయ రంగు నీళ్లలో కాళ్లు ముంచాలి, చేతులు కడగాలి. ఆపరేషన్ థియేటర్‌లో కూడా నన్ను ఇంత అనుమానంగా చూడలేదు. సముద్రం నుంచి పంపుతో తోడిన నీళ్లని ఇసక వడపోతల్లోంచి పంపి, క్లోరిన్ కొట్టి, అల్ట్రావయొలెట్ లైటు కిందనుంచి తీసి, అప్పుడు గానీ పిల్లల తొట్లలోకి వదలరు. అంటే ముందు సముద్రంలో ఉన్న ప్రాణాన్నంతా చంపేసి, తరవాత అందులో సముద్రపు ప్రాణిని పెంచుతారు.

తల్లి రొయ్యలు ఇక్కడివి కావు. వన్నామీ అనేది పసిఫిక్ జాతి. 2009లో మన దేశంలో పెంచుకోవడానికి అనుమతిచ్చారు. అంతకు ముందు టైగర్ రొయ్య ఉండేది. 90ల్లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఎన్ని కుటుంబాలని ముంచిందో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెబుతారు. ఇప్పుడు తల్లులు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ చేసుకుని ఇక్కడికి చేరతాయి. వచ్చాక ఆడదానికి ఒక కంటి కాడ కత్తిరిస్తారు. గుడ్లు పెట్టకుండా ఆపే హార్మోన్ అక్కడే ఉంటుందట. తమ్ముడు ఈ సంగతి చాలా మామూలుగా చెప్పాడు. నేను స్కెచ్ పుస్తకం తెరిచి మళ్లీ మూసేశాను.

గుడ్డు నుంచి నాప్లీ, జోయా, మైసిస్, చివరికి పీఎల్, అంటే పోస్ట్ లార్వా. ఈ అవస్థలన్నీ నేను పుస్తకాల్లో గీసినవే, కానీ బీకరులో లైటుకి అడ్డం పెట్టి చూస్తే వేరు. కనురెప్ప వెంట్రుక ముక్కలంత ఉన్నాయి, ప్రతిదానికీ లోపల ఒక నల్ల చుక్క కన్ను.

“అక్కా, లైటు తీసేస్తున్నా, భయపడకు,” అన్నాడు.

చీకట్లో తొట్టి దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూశాం. ఏమీ కనబడలేదు. “హమ్మయ్య” అన్నాడు. రోజూ రాత్రి ఇలా లైట్లార్పి చూస్తారట. తొట్టి వెలిగిందంటే బ్యాచి పోయినట్టే. విబ్రియో హార్వేయి అనే బాక్టీరియా పిల్లల్లోకి జొరబడి, లేత నీలిపచ్చ వెలుగుతో వాటినే దీపాలు చేస్తుంది. తెల్లారేసరికి అడుగున కుప్ప. ఎంత టెన్షన్ పడతారో వాడి మొహంలో తెలిసింది.

ఆ వెలుగు వెనక ఉన్న సంగతి నాకెందుకో మన ఊరి పంచాయతీ లాగా అనిపిస్తుంది. ఒంటరిగా ఉన్న బాక్టీరియా వెలగదు. ఒక్కటి వెలిగితే ఎవరికీ కనబడదు, శక్తి దండగ. అందుకని ప్రతిదీ ఒక రసాయనాన్ని కొద్ది కొద్దిగా నీళ్లలోకి వదులుతూ ఉంటుంది. చుట్టూ ఆ రసాయనం ఒక మోతాదు దాటిందంటే ‘మనం సరిపడా ఉన్నాం’ అని లెక్క. అప్పుడు అన్నీ ఒకేసారి దీపం వేస్తాయి. 1970లో దీన్ని మొదట గమనించారు, తరవాత దానికి పెట్టిన పేరే కోరం సెన్సింగ్. కోరం ఉంటేనే సమావేశం. రోగం తెప్పించే పనులు కూడా చాలావరకు కోరం చూసుకునే మొదలెడతాయి.

చిన్న ల్యాబ్ గదిలో ఫ్రిజ్ పక్కన పెట్రీ ప్లేట్లు వరసగా ఉన్నాయి. తొట్టి నీళ్లు ఒక చుక్క టీసీబీఎస్ అనే ముదురాకుపచ్చ జెల్లీ మీద పూసి ఒక రోజు ఉంచితే, విబ్రియోలు చుక్కలు చుక్కలుగా మొలుస్తాయి. చక్కెరని వాడుకోగలిగేవి పసుపు, లేనివి పచ్చ. రైతుల భాషలో ‘ఎల్లో కాలనీ, గ్రీన్ కాలనీ’. గ్రీన్ ఎక్కువైతే గుండె దడ. గత్తర తెచ్చే విబ్రియో కలరే కూడా వీటి దాయాదే, ఈ జెల్లీ మీద పసుపుగానే మొలుస్తుంది. మన పెద్దవాళ్లు ఊరి పొలిమేరలో అమ్మవారికి నైవేద్యం పెట్టి సాగనంపిన గత్తర, ఇలా ఒక ప్లాస్టిక్ మూత కింద ఆవగింజంత పసుపు చుక్క.

నాకు మాత్రం ఆ ప్లేట్లు బ్రహ్మాండంగా నచ్చాయి. ఒకటి అచ్చం ఆవపూల చేను. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ కూడా రంగు రంగుల బాక్టీరియాతో బొమ్మలు వేసేవాడు. ఎక్కడ ఏ జాతిని పూస్తే రేపు ఏ రంగు మొలుస్తుందో ముందే లెక్క వేసుకుని. అరగంట కూర్చుని నాలుగు ప్లేట్లు గీశాను. తమ్ముడు వెనకనుంచి చూసి, “నీకు బొమ్మ, నాకు బీపీ” అన్నాడు.

ఒకప్పుడు ఇలాంటి ప్లేటు చూడగానే యాంటిబయాటిక్ కుమ్మరించేవాళ్లు. ఇప్పుడలా కుదరదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాలు దొరికితే యూరప్ నుంచి కంటైనర్ మొత్తం వెనక్కి వస్తుంది. అందుకని మంచి బాక్టీరియాని పెంచి చెడ్డదాన్ని గెంటించే పద్ధతి వచ్చింది. రైతులు బెల్లం, తవుడు పులియబెట్టి చెరువులో పోస్తున్నది అందుకే. బాక్టీరియా మీద బాక్టీరియాని ఉసిగొల్పడం. ఎన్నికలప్పుడు మనం చూసేదే.

మూడో రోజు: ఎక్కనివ్వని తెప్ప

పెదజాలరిపేట. రాత్రి వేటకి ఒక చిన్న బోటులో వెళ్లాలని నా ప్లాను. తమ్ముడి స్నేహితుడి బాబాయి సరేనన్నాడని కబురొచ్చింది. తీరా వెళ్తే ఆయన నన్ను చూసి నెత్తి గోక్కున్నాడు.

“ఆడమనిసని సెప్పనేదు గదరా,” అన్నాడు తమ్ముడితో. ఆడవాళ్లు ఎక్కితే గంగమ్మకి కోపమట. “మా ఇంటిదాన్నే ఎక్కనివ్వనమ్మా, ఏటనుకోకు.” వాదించాలని నోటిదాకా వచ్చింది. గంగమ్మ ఆడది కాదా అని అడుగుదామనుకున్నాను. కానీ ఆ సముద్రంలోకి రాత్రి వెళ్లేది ఆయన, నేను కాదు. ఖాళీ నీళ్ల సీసా తమ్ముడి చేతికిచ్చి, ఒడ్డున కూలబడ్డాను. కోపం మాత్రం చాలాసేపు పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఒడ్డున కూర్చోవడంలో ఒక లాభం ఉంది, మిగిలిపోయినవాళ్లంతా అక్కడే ఉంటారు. వల అల్లుకుంటున్న ఇద్దరు ముసలివాళ్లు, సావళ్లు ఎండేస్తున్న ఆడవాళ్లు. జెరాక్సులు తీశాను. ఇక్కడా పేర్లు వచ్చాయి, కానీ మాట మధ్యలో ఎప్పుడూ ఒకటే చోటికి తిరిగింది. రింగు వల. మోటారు బోటుతో గుంపు మొత్తాన్ని చుట్టేసే వల అది. ఒడ్డుకి ఎంత దగ్గరలో వేయవచ్చన్నదే తగాదా. మామూలు వల వేసేవాళ్లు తమకేమీ మిగలడం లేదంటారు. రింగు వలవాళ్లు అప్పు చేసి కొన్నామంటారు. 2022 జనవరిలో ఇక్కడే కొట్టుకున్నారు, పడవలు తగలబడ్డాయి. రెండు వైపులా చుట్టాలే. “ఆల్లూ మావోల్లే, అదే బాధ” అంది సావళ్లు తిరగేస్తున్న ఆవిడ.

కానగంత, కవళ్లు గుంపుగా ఒడ్డుకి ఎందుకొస్తాయన్నదానికి జవాబు కొంత ఈ ఊళ్లోనే దొరికింది. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి కుర్రవాళ్లతో కలిసి ఈ తీరాన్ని కొలిచాడు. వేసవి ముందు నైరుతి గాలి తీరం వెంబడి వీస్తే పైనీరు లోపలికి జరుగుతుంది, అడుగునున్న చల్లటి, ఎరువు దండిగా ఉన్న నీరు ఒడ్డున పైకి లేస్తుంది. మార్చి ఆ కాలమే. సముద్రం అడుగున వాళ్లు గుర్తించిన లోయలకి ఆంధ్రా కాన్యన్, మహాదేవన్ కాన్యన్ అని పేర్లు పెట్టారు. రెండోది ఇక్కడి భూవిజ్ఞాన ఆచార్యుడి పేరు. ఒకాయన పేరు లోయకి దక్కింది, ఇంకొకాయన పేరు బొమ్మ కింద కూడా దక్కలేదు. మొన్నటినుంచీ అదే తిరుగుతోంది బుర్రలో.

ఆ చీకటి నీళ్ల వైపు చూస్తూ నేను ఆలోచించింది మాత్రం అంతకన్నా లోపలి సంగతి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిపోసే మంచినీరు పైన మూతలా పరుచుకుంటుంది. ఉప్పునీరు కన్నా తేలిక కదా. మూత ఉండటంతో గాలి కిందకి దిగదు. దాదాపు వంద మీటర్ల నుంచి నాలుగు వందల మీటర్ల లోతు దాకా ఆక్సిజన్ లేనట్టే. అరేబియా సముద్రంలో ఇలాంటి నీళ్లలో బాక్టీరియా నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి. మన బంగాళాఖాతంలో ఆ బాక్టీరియా ఉంది, కానీ ఆ పని చేయడం లేదు. ఎందుకని డెన్మార్క్, జర్మనీ, గోవా జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) శాస్త్రవేత్తలు కలిసి వెతికితే, మామూలు పరికరాలకి అందనంత ఆక్సిజన్ అక్కడ మిగిలి ఉందని తేలింది. పైనీళ్లలో ఉండేదానికి పదివేల రెట్లు తక్కువ. ఆ కాస్తా చాలు, బాక్టీరియా చేతులు కట్టేసింది. పొలాల యూరియా నదుల గుండా ఇంకా వచ్చి చేరి, ఆ మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా అయిపోతే లెక్క మారిపోవచ్చని వాళ్లు రాశారు.

మా నాన్న కౌలుకి వేసిన వరికి బస్తా యూరియా ఎక్కువ పడిందంటే మురిసిపోయేవాడు. అది ఎక్కడ తేలుతుందో ఆయనకేం తెలుసు.

రెండున్నరకి బోటు తిరిగొచ్చింది. తమ్ముడు వాంతులతో తేలిపోయాడు, కానీ సీసా నింపుకొచ్చాడు. “వల లాగుతుంటే నీళ్లు మెరిశాయక్కా. నీకోసం తెచ్చా.” లాడ్జికి వెళ్లి, బాత్రూం లైటు కూడా ఆర్పి, దుప్పటి కప్పుకుని సీసా ఊపాను. ఒక్క క్షణం లోపల నీలంగా పొడి చల్లినట్టు మెరుపు, పోయింది. మళ్లీ ఊపాను, మళ్లీ. ఇది నిన్నటి బాక్టీరియా కాదు. నాక్టిలూకా లాంటి ఏకకణ జీవులు, పగలు చూస్తే కంటికి ఆనే చిన్న బుడగలు. బాక్టీరియా వెలిగితే నిలకడగా వెలుగుతుంది, ఇవి తాకితేనే ఉలిక్కిపడి మెరుస్తాయి. పదిసార్లు ఊపాక అలిసిపోయాయి. నేను కూడా.

నాలుగో రోజు: నౌపడ

పొద్దున రైలు. శ్రీకాకుళం దాటాక కిటికీలోంచి కొబ్బరితోటలు, జీడితోటలు. ఈ దారినే ఇంకాస్త పైకి పోతే గంజాం. 1781 మార్చిలో కల్నల్ పియర్స్ వెంట కలకత్తా నుంచి దక్షిణాదికి నడిచొస్తున్న ఐదు వేల మంది సైన్యాన్ని అక్కడే గత్తర పట్టింది. రస్సెల్ ఇండియాకి బయల్దేరింది కూడా ఆ ఏడాదే. అంతకు ముందు అలెప్పోలో ప్లేగు రోగుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టరు ఆయన. ఇక్కడికొచ్చి చేపలు, పాములు, మొక్కల వెంట పడ్డాడు. నేనైనా అదే చేసేదాన్ని.

నౌపడలో దిగి ఆటోలో ఉప్పు మడుల దగ్గరికి వెళ్లాను. కనుచూపు మేర గళ్ల దుప్పటి పరిచినట్టు మడులు, గట్ల మీద తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు. వరసగా మడి నుంచి మడికి నీళ్లు మారుస్తూ పోతే ఉప్పు చిక్కబడుతుంది. చివరి మడుల దగ్గర ఒకచోట నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. కుంకుమ రంగులాంటి ఎరుపు కాదు, పాలలో రెండు చుక్కల రోజ్ మిల్క్ కలిపినట్టు.

మామూలు బాక్టీరియా చచ్చిపోయేంత ఉప్పులో బతికే హాలోబాక్టీరియం రంగు అది. పేరులో బాక్టీరియా అని ఉన్నా బాక్టీరియా కాదు. ఆర్కియా అనే వేరే వంశం. 1977లో కార్ల్ వోజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆ సంగతి తేల్చేదాకా మన పుస్తకాలన్నీ తప్పే. వాటితోపాటు డునలియెల్లా అనే నాచు కూడా కెరోటిన్‌తో ఎర్రబడుతుంది. ఎండ తగలనివ్వకుండా గొడుగు పట్టుకున్నట్టు ఆ రంగు. హేచరీలో పిల్లలకి మేతగా వేసే ఆర్టీమియా ఇలాంటి నీళ్లలో పెరిగేదే. కాకపోతే మనకి డబ్బాల్లో అమెరికా గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తోంది. నీటిరంగులతో ఆ గులాబీ పట్టుకోవడానికి గంటసేపు కష్టపడ్డాను. రాలేదు. చివరికి ఆ మడి నీళ్లలోనే బ్రష్ ముంచి కాగితం మీద పూశాను. ఆరాక రంగు లేదు, ఉప్పు స్ఫటికాలు మాత్రం మెరుస్తున్నాయి.

గునపంలాంటి పొడుగు కర్ర చెక్కతో ఉప్పు లాగుతున్న కూలీని, “ఈ ఎరుపేంటి బాబాయ్?” అన్నాను. “ఉప్పు పండిందని గురుతు” అన్నాడు. కాళ్లు చూపించాడు, మడమల నిండా పగుళ్లు. ఉప్పులో నడిచే కాలు మానదు.

ఇక్కడికి దగ్గర్లోనే కాకరాపల్లి తంపర. ఏడాదిలో కొన్నాళ్లు నీళ్లు, కొన్నాళ్లు గడ్డి, చేపలు, పశువుల మేత, వలస పక్షులు. అలాంటి బీల భూమి అది. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని ఊళ్లన్నీ లేచినప్పుడు 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు, ఇద్దరు చనిపోయారు. అంతకు ముందు ఏడాది జులైలో సోంపేట బీలలోనూ అదే జరిగింది. ప్రభుత్వ కాగితాల్లో ఇలాంటి భూమిని పనికిరాని భూమి అని రాసుకుంటారు. అక్కడ ఏం పండుతుందో, ఏం ఈదుతుందో ఆ అంకెల్లో ఉండదు. ఇప్పుడు మూలపేటలో పోర్టు కడుతున్నారు, 2023లో శంకుస్థాపన చేశారు. ఆటో కుర్రాడు పోర్టు వస్తే ఉద్యోగం వస్తుందని ఆశ పడుతున్నాడు. వాళ్ల నాన్న ఉప్పు మడిలో పనిచేస్తాడు. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేను.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో భోజనం. కానగంత పులుసు ఉందంటే ఎగిరి గంతేశాను. తిన్న అరగంటకి మొహం వేడెక్కి మెడ మీద దద్దుర్లు, తలలో సుత్తి. ఏ బొమ్మ పట్టుకుని తిరుగుతున్నానో ఆ చేపే దెబ్బ కొట్టింది! ఐసు సరిగ్గా లేని కానగంతలో బాక్టీరియా చేరి హిస్టమిన్ తయారు చేస్తుంది. వంటవాడు ఎంత ఉడికించినా అది పోదు. మందుల షాపులో సిట్రిజిన్ మాత్ర ఇచ్చాడు. తిరుగు రైల్లో నోరు తెరుచుకుని నిద్రపోయానట, ఎదుటి సీటు పిల్లలు నవ్వుతుంటే మెలకువ వచ్చింది.

ఐదో రోజు: రాజయ్యపేట

విశాఖకి దక్షిణంగా హైవే మీద నక్కపల్లి, అక్కడి నుంచి సముద్రం వైపు రాజయ్యపేట. ఈ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పార్క్‌కి ప్రధాని 2025 జనవరి 8న విశాఖ సభ నుంచే శంకుస్థాపన చేశారు. మాత్రల్లో కలిపే అసలు మందు తయారయ్యే ఫ్యాక్టరీలు వస్తాయి. వద్దని మత్స్యకారులు చాన్నాళ్లుగా కూర్చుని ఉన్నారు, హైవే మీదకీ వచ్చారు.

నేను హైదరాబాద్ మనిషిని, ఈ కథ మొదటి భాగం మా ఊళ్లోనే చూశాను. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేశాక వదిలే నీళ్లు పరీక్షించారు. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ దొరికింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బాక్టీరియా మందుకి లొంగకుండా ఉండే జన్యువులని పక్కవాటికి పంచిపెడుతుంది, జాతి వేరైనా సరే.

రాజయ్యపేట నీళ్లలో అలాంటిది ఉందని నేను అనడం లేదు, నేను ఏ పరీక్షా చేయలేదు. కానీ రెండో రోజు చూసింది గుర్తొచ్చింది. రొయ్యలో యాంటిబయాటిక్ ఆనవాలు కోసం యూరప్ ఎంత సూక్ష్మంగా వెతుకుతుందో. ఆ రొయ్య పుట్టే నీళ్ల గురించి ఈ ఊరివాళ్లు అడుగుతున్న ప్రశ్నకి మాత్రం అంత సూక్ష్మమైన జవాబు ఎవరూ ఇవ్వడం లేదు. “మురుగు పైపు సముద్రంలోకి ఎంత లోపలికి ఏస్తారో సెప్పమను. ఆ నీల్లు మల్లీ ఒడ్డుకి రావని రాసిమ్మను,” అన్నాడు బోటు నడిపే నడివయసు సరంగు ఒకతను. మొన్న ఒడ్డున కూర్చుని తలుచుకున్న లాఫాండ్ లెక్క ఆయన నోట ఇంకోలా వచ్చింది. లోపలి నీరు ఒడ్డుకి లేస్తుందని ఆయనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఏ గాలికి ఏ నీరు ఎటు పోతుందో తెలియకపోతే ఇంటికి తిరిగి రాడు.

వేరే ఉద్యోగం ఇస్తామంటున్నారు కదా అంటే నవ్వాడు. “సదువుకున్న గుంటలకిస్తారు. నేనేటి సెయ్యాల, గేటు కాడ సెల్యూట్ కొట్టాల?”

రామాలయం అరుగు మీద జెరాక్సులు పరిచాను. నాలుగు రోజుల్లో అవి నూనె, ఉప్పు, చేపల వాసన అన్నీ పట్టించుకుని మెత్తబడ్డాయి. బడి వదిలేసిన వేళ, పిల్లలు మూగారు. ఈసారి నేను పేర్లు అడగలేదు. బాల్‌పెన్నులిచ్చి, ఏ చేపో తెలిసినవాళ్లు కింద రాయమన్నాను. ఏడో తరగతి పిల్ల గబగబా ‘కానగంత’ అని రాసి, పెన్ను తీసుకుని వీపు మీద చుక్కలు కూడా పెట్టేసింది. హార్బర్ ఆవిడ చూస్తే సంతోషించేది.

ఆ పిల్ల బొమ్మ కింద కుడి మూలన తన పేరు రాస్తుంటే నేను ఆపలేదు. ఇంకో పిల్లవాడు కూడా తన బొమ్మ కింద పేరు రాసుకున్నాడు. కాసేపట్లో నలభై బొమ్మలకీ నలభై సంతకాలు.

ఒక్కదాని దగ్గర మాత్రం చేప పేరు ఆగింది. బక్కపలచటి చేప, కింది దవడ ముందుకి పొడుచుకొచ్చింది. రస్సెల్ దాన్ని ‘జెల్లో’ అని రాశాడు. క్యువియే కూడా ఆ పేరే ఉంచాడు. ఒక కుర్రాడు ‘జెల్ల’ అని రాయబోతే వాడి తాత చెయ్యి పట్టుకున్నాడు. “జెల్లకి మీసాలుంటాయిరా. దీనికేవీ?” పక్కనున్న సరంగు ఒంగి చూసి అది జెల్లా కాదు, ఆ తాత అనుకుంటున్నదీ కాదన్నాడు. ఇంకొకాయన ఇంటికెళ్లి అద్దాలు తెచ్చుకున్నాడు. డాక్టరు తప్పుగా విన్నాడా, అప్పుడు ఆ పేరు వేరే చేపకి ఉండేదా, గీసినవాడు మీసాలు మర్చిపోయాడా? ముగ్గురూ అరుగు మీద కూర్చుని వాదన పెట్టుకున్నారు. నక్కపల్లికి ఆఖరి ఆటో హారన్ కొడుతోంది. కాగితం వాళ్ల దగ్గరే వదిలేసి ఎక్కాను.